రోడ్డు పక్కన పడుకున్నవాళ్లని లేపేస్తే, జీపెక్కిస్తే ఏం చెయ్యాలి? (విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి)

ఈ ప్రశ్న ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది గానీ, ఇక్కడ విజయనగరంలో సిరిమాను జాతర ముందు, అక్కడ శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి ముందు, లేదా ఎవరో పెద్దాయన కారు వస్తోందంటే మాత్రం నా ఫోన్ ఆగదు. "అన్నా, కాంప్లెక్స్ దగ్గర పడుకునే తాతని రాత్రి ఎక్కించుకుపోయారు." "బాబూ, గుడి మెట్ల దగ్గర మామ్మ సంచి చెత్త ట్రాక్టర్‌లో పడేశారు." ఒక్కొక్కరికీ మళ్లీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. నేను లాయర్ని కాదు. కోర్టు దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నాది. పన్నెండేళ్లుగా పిటిషన్లు టైప్ చేసి చేసి కొన్ని సెక్షన్లు నోటికొచ్చేశాయి, అంతే. కేసు పెద్దదైతే లాయర్ దగ్గరికి వెళ్లాల్సిందే, లాయర్ ఫ్రీగా ఎలా దొరుకుతారో కింద చెప్పాను.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఇల్లు లేకపోవడం నేరం కాదు. వెనక 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో "కనిపించే జీవనాధారం లేనివాడు" అన్న కారణానికే మనిషిని పట్టుకుని బాండ్ అడిగే వీలుండేది. 1973 కోడ్‌లో ఆ ముక్క తీసేశారు. అందుకని ఇప్పుడు పక్క తలుపుల్లోంచి వస్తారు: దారికి అడ్డం, న్యూసెన్స్, యాచన, అనుమానాస్పదం. ఏ తలుపులోంచి వచ్చారో తెలిస్తే సగం పని అయినట్టే.

దగ్గర ఉండాల్సినవి

- ఛార్జింగ్ ఉన్న ఫోన్, ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో టైప్ చేస్తే చాలదా అంటారు, చాలదు, స్టేషన్ గుమ్మం దగ్గర ఫోన్ జేబులో పెట్టమంటారు.
- ఆ మనిషి పేరు, తండ్రి పేరు, సొంత ఊరు. "గడ్డం తాత", "మూగ మామ్మ" అంటే ఏ రిజిస్టర్‌లోనూ దొరకరు.
- ఉంటే ఆధార్ లేదా రేషన్ కార్డు జిరాక్స్.
- చూసినవాళ్లు ఒకరు. టీ కొట్టాయన, ఆటో స్టాండ్‌లో కుర్రాడు, రోజూ పూలమ్మే ఆవిడ, ఎవరైనా సరే.
- నంబర్లు: ఉచిత న్యాయ సహాయానికి 15100, అత్యవసరానికి 112, మహిళలకి 181, పిల్లలకి 1098, వృద్ధులకి 14567, రైల్వేకి 139.

1. ఎవరు లేపారో ముందు తేల్చుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఖాకీ కనిపించగానే "పోలీసులు" అనేసి టౌన్ స్టేషన్‌కి పరిగెడతారు. విజయనగరం ప్లాట్‌ఫామ్ మీదైనా, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనైనా పట్టుకుంటే అది ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) లేదా రైల్వే పోలీసు పని, వాళ్లది రైల్వే చట్టం. అందులో 147 అంటే అనుమతి లేకుండా చొరబడటం, 144 అంటే యాచన, లైసెన్సు లేకుండా అమ్మకం. ఆర్టీసీ కాంప్లెక్స్ లోపలైతే ఆర్టీసీ సెక్యూరిటీ అయ్యుండొచ్చు, వాళ్లు బయటికి పంపగలరు గానీ అరెస్టు చేసి పెట్టుకోలేరు. మూడు లాంతర్ల దగ్గరో, ఏడు రోడ్ల జంక్షన్‌లోనో తెల్లారుజామున సామాన్లు ఎత్తుకుపోతే అది చాలావరకు కార్పొరేషన్ శానిటేషన్ వాళ్లు.

బండి నంబర్, టైమ్, చోటు నోట్‌బుక్‌లో రాయండి. "రాత్రి" అని రాయకండి, "11.40" అని రాయండి. ఆ టైమే రేపు పనికొచ్చేది.

2. "ఏ సెక్షన్ సార్?" అని అడగండి, ఒక్కసారే

మెల్లగా, చేతులు కట్టుకోకుండా, వేలు చూపించకుండా. "సార్, ఈయన నాకు తెలిసినాయన. ఏ సెక్షన్ కింద తీసుకెళ్తున్నారో చెబితే వాళ్లవాళ్లకి చెబుతాను." ఇంతే. రాజ్యాంగం, మానవ హక్కులు అని మొదలెడితే అవతల మనిషి కూడా మొదలెడతాడు. చెయ్యి పట్టి లాగడం, జీపుకి అడ్డం నిలబడటం అసలు వద్దు. విధులకు ఆటంకం అని బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేర చట్టం) సెక్షన్ 221 మీ మీద పడుతుంది, అప్పుడు తాతతో పాటు మీకూ నేనే పిటిషన్ టైప్ చెయ్యాలి.

వచ్చే జవాబు మామూలుగా వీటిలో ఒకటి:

"రోడ్డుకి అడ్డం" అంటే బీఎన్ఎస్ 285. దీనికి జైలు లేదు, 5,000 రూపాయల వరకు జరిమానా. వెనకటి ఐపీసీలో ఇది 200 రూపాయలే. బస్సు షెల్టర్ గోడవార ఒదిగి పడుకున్నవాడు ఎవరికి ఎలా అడ్డమయ్యాడు అన్నదే అడగాల్సిన ప్రశ్న. అందుకే పడుకున్న చోటు ఫోటో ఒకటి, పక్కన జనం నడిచే దారి కనిపించేలా, తీసి ఉంచండి.

"న్యూసెన్స్" అంటే బీఎన్ఎస్ 292, జరిమానా 1,000 వరకు. లేదా 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం. ఊళ్లలో పెట్టీ కేసులు దీని మీద బాగా నడుస్తాయి.

"అడుక్కుంటున్నాడు" అంటే 1977 నాటి మన రాష్ట్ర యాచక నిరోధక చట్టం. ఢిల్లీలో అమలైన ఇలాంటి చట్టాన్ని, అంటే 1959 నాటి బొంబాయి చట్టాన్ని, అందులో యాచనని నేరం చేసే సెక్షన్లని ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టేసింది. మరుసటి ఏడాది జమ్మూ కశ్మీర్ హైకోర్టు కూడా తమ రాష్ట్ర చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పులు మన దగ్గర ఆటోమేటిక్‌గా వర్తించవు, లాయర్ వాదనకి పనికొస్తాయి. మీకు కావలసింది చిన్న విషయం: ఆయన నిద్రపోతున్నాడా, చెయ్యి చాపాడా? నిద్రపోతున్నవాడు యాచన ఎలా చేస్తాడు? చూసిన సాక్షి ఉంటే పేరు రాసుకోండి.

"అనుమానంగా ఉన్నాడు" అంటే బైండోవర్, అంటే మంచిగా ఉంటానని బాండ్ రాయించుకోవడం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 109, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 128. నేరం చెయ్యడానికి తన ఉనికి దాచుకుంటున్నాడు అనిపిస్తేనే ఇది. నాలుగేళ్లుగా ఒకే అరుగు మీద, వీధి లైటు కింద పడుకునేవాడు దాక్కున్నట్టు ఎలా అవుతుందండీ?

"పైనుంచి ఆర్డర్" అన్నారంటే సెక్షన్ లేదని అర్థం. వాదించకండి, రాసుకోండి.

3. సంచి. ముందు సంచి.

నేను దీన్ని చాలా ఆలస్యంగా నేర్చుకున్నా. ఒకాయన ఉండేవాడు, గంట స్తంభం వైపు మూసేసిన కొట్టు అరుగు మీద పడక. ఓ తెల్లారుజామున అరుగులు ఖాళీ చేయించారు. మేం మనిషి కోసం తిరిగాం, మధ్యాహ్నానికి దొరికాడు, హమ్మయ్య అనుకున్నాం. ఆయన అడిగిన మొదటి మాట, "ఏటి బాబూ, నా సంచేదీ?" యూరియా బస్తా అది, పైన సుతిలి తాడుతో కట్టి. అందులో ఒక దుప్పటి, సత్తు గ్లాసు, సగం వాడిన బీపీ మాత్రల షీట్, లామినేషన్ చేయించుకున్న ఆధార్ జిరాక్స్. ఆ లామినేషన్ నా షాపులోనే చేయించుకున్నాడు, ఇరవై రూపాయలు ఇచ్చి మరీ. సంచి అప్పటికే డంపింగ్ యార్డుకి పోయింది. ఆధార్ నంబర్ ఆయనకి గుర్తులేదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో వెతికించడానికి మూడుసార్లు తిరిగాం, ముసలి వేళ్లు అరిగిపోయి రెండుసార్లు పడలేదు. ఆ నెల పింఛను సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి ఇద్దరుంటే ఒకరు మనిషి వెంట, ఒకరు సంచి వెంట. సంచి అప్పుడే ట్రాక్టర్ ఎక్కితే ఆ డ్రైవర్‌ని లేదా వార్డు శానిటేషన్ సెక్రటరీని వెంటనే పట్టుకోండి, గంటలో పట్టుకుంటే దొరికే అవకాశం ఉంది, మధ్యాహ్నం దాటితే చెత్తలో చెత్త. ముందు జాగ్రత్తగా అయితే, మీకు తెలిసినవాళ్ల ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీ ఫోటోలు మీ ఫోన్‌లో తీసి పెట్టుకోండి. వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే.

ఆ మనిషి పగలు బండి మీద ఏదైనా అమ్ముకునేవాడైతే దారి వేరు, ఇంకా గట్టిది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సరుకు పట్టుకుంటే జాబితా రాసి సంతకంతో కాపీ ఇవ్వాలి. అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో వదలాలి. జరిమానా ఏదైనా ఉంటే కట్టాలనుకోండి. జాబితా ఇవ్వకుండా తీసుకెళ్లారంటే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే.

4. స్టేషన్‌కి తీసుకెళ్తే

వెళ్లండి. వీలైతే ఒక్కరే వద్దు, ఇద్దరు. పదిమంది మాత్రం వద్దు. స్టేషన్ రైటర్ దగ్గర ఇవి అడగండి:

మనిషిని అరెస్టు చేశారా, ఊరికే కూర్చోబెట్టారా? "ఊరికే" అంటే పంపమని అడగొచ్చు. అరెస్టయితే మెమో ఉండాలి, కారణం చెప్పాలి, బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ముందస్తు అరెస్టు అని బీఎన్ఎస్ఎస్ 170 చెప్పినా ఆ 24 గంటల లెక్కే.

ఇక ఇది అండర్‌లైన్ చేసుకోండి. మనిషికి అరవై దాటినా, ఒంట్లో బాగోకపోయినా, మూడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చెయ్యకూడదు. బీఎన్ఎస్ఎస్ 35, ఏడో ఉపసెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. రోడ్డు మీద పడుకునేవాళ్లలో ముసలివాళ్లు ఎంతమందో మీకు తెలుసు, పై లిస్టులో ఉన్న కేసులు దాదాపు అన్నీ చిన్నవే. "సార్, డీఎస్పీ గారి పర్మిషన్ తీసుకున్నారా?" అని అడిగితే చాలాసార్లు "ఆ, తీసుకుపోండి, మళ్లీ అక్కడ పడుకోవద్దని చెప్పండి" అంటారు. తీసుకుపోండి. అప్పుడు లా పాయింట్ గెలవాలని కూర్చోకండి.

ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు అరెస్టు చెయ్యడానికి మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, అదీ తప్పనిసరి పరిస్థితిలోనే.

మనిషి మతిస్థిమితం లేనట్టు కనిపిస్తే లాకప్ మాట రాకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం పోలీసులు ఆ మనిషిని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించాలి, లాకప్‌లోనో జైల్లోనో ఉంచకూడదు. ఆస్పత్రి ఓపీ చీటీ ఫోటో తీసుకోండి, లేదంటే "చూపించాం" అన్న మాటే మిగులుతుంది.

ఇంతసేపూ పక్కన ఇంకొకరు 15100కి ఫోన్ చేస్తూ ఉండాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ ఫ్రీ. పగలైతే ఇంకా తేలిక, జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, రెండు ఊళ్లలోనూ. తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు చాలు:

"అయ్యా, ఫలానా పేరు గల, వయసు ఇంత, ఇల్లు లేని వ్యక్తిని ఫలానా తేదీ, ఇన్ని గంటలకు, ఫలానా చోటు నుంచి ఫలానా స్టేషన్‌కు తీసుకెళ్లారు. సెక్షన్ చెప్పలేదు (లేదా ఫలానా సెక్షన్ అన్నారు). ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయమని కోరుతున్నాను." కింద మీ పేరు, ఫోన్ నంబర్. రెండు కాపీలు, ఒకదాని మీద ముద్ర.

5. కోర్టులో "ఒప్పుకుంటున్నా" అనే ముందు ఆగండి

పెట్టీ కేసుల్లో జరిగేది ఇదీ: పొద్దున్నే వరసగా నిలబెడతారు, "ఒప్పుకుంటే ఫైన్ కట్టి పోవచ్చు" అని ఎవరో చెవిలో చెబుతారు, తాత తలూపుతాడు. ఫైన్ మీరు కట్టేస్తారు. అయిపోయింది అనుకుంటారు. కాలేదు. అది శిక్ష పడినట్టే రికార్డు, రేపు మళ్లీ పట్టుకుంటే "ఇతని మీద పాత కేసు ఉంది" అవుతుంది.

అలాగని ప్రతిసారీ పోరాడమని నేను చెప్పను. రోజు కూలికి వెళ్లే మనిషిని నాలుగు వాయిదాలు తిప్పితే నాలుగు రోజుల తిండి పోతుంది. ఆ లెక్క వేసుకోవాల్సింది ఆయనే, మీరూ నేనూ కాదు. కాకపోతే లాయర్‌తో ఒక్కసారి మాట్లాడాక నిర్ణయించుకోవాలి, ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి.

ష్యూరిటీ ఎవరూ లేరంటే భయపడకండి. బెయిల్ ఇవ్వదగ్గ కేసులో పేదవాడు జామీను తేలేకపోతే సొంత బాండ్ మీద వదలాలి. వారంలోపు తేలేకపోతే పేదవాడి కిందే లెక్క. ఇది బీఎన్ఎస్ఎస్ 478.

6. షెల్టర్‌కి పంపేముందు మీరు వెళ్లి చూడండి

"రోడ్డు మీద ఎందుకు, నైట్ షెల్టర్ ఉందిగా" అంటారు. మంచిదే, ఉంటే. 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన నియమం ప్రకారం ప్రతి లక్ష జనాభాకి వందమందికి సరిపడే శాశ్వత షెల్టర్ ఉండాలి, ఏడాదంతా, 24 గంటలూ. విజయనగరం పట్టణ జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది, మిగతా లెక్క మీరే వేసుకోండి. మన రాష్ట్రంలో ఈ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది, కార్పొరేషన్ ఆఫీసులో "పట్టణ నిరాశ్రయుల వసతి గృహం ఎక్కడ?" అని ఆ పేరుతోనే అడగండి.

రాత్రి తొమ్మిదికి వెళ్లండి, పగలు వెళ్తే ఏం తెలియదు. తలుపు తీశారా, ఆడవాళ్లకి వేరే గది ఉందా, మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా, ఆధార్ లేకపోతే రానివ్వమంటున్నారా, మొగుడూ పెళ్లాలు కలిసి వస్తే ఏం చేస్తారు, సంచి పెట్టుకోవడానికి చోటుందా. ఖాళీ లేదంటే ఆ మాట రిజిస్టర్‌లో రాయమనండి, లేదా మీరే తేదీ, టైమ్ వేసి రాసుకోండి. షెల్టర్ నిండి ఉండగా రోడ్డు మీద పడుకున్నాడని కేసు పెడితే లాయర్ ముందు అడిగేది ఆ కాగితమే.

షెల్టర్‌కి రానంటే బలవంతం చెయ్యకండి. అది జైలు కాదు. కొందరికి గోడల మధ్య నిద్ర పట్టదు, కొందరు పొద్దున నాలుగింటికి మార్కెట్‌లో మూటలు దింపాలి, గేటు ఆరింటికి తీస్తే కూలి పోతుంది. మొండితనం అనుకునే ముందు కారణం అడగండి.

7. కాగితం పెట్టండి

మనిషి బయటికొచ్చాక అందరూ ఇంటికెళ్లిపోతారు, నెల తర్వాత మళ్లీ అదే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దానితో పాటు సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు ఒకటి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి కార్పొరేషన్‌కి. ప్రశ్నలు పొట్టిగా ఉండాలి:

ఫలానా తేదీన ఫలానా చోట సామాన్లు తొలగించమని ఇచ్చిన ఉత్తర్వు కాపీ ఇవ్వండి. తొలగించిన సామాన్ల జాబితా ఇవ్వండి. పట్టణంలో నిరాశ్రయుల వసతి గృహాలు ఎన్ని, ఒక్కోదానిలో ఎన్ని పడకలు, గత మూడు నెలల హాజరు రిజిస్టర్ కాపీ ఇవ్వండి.

"ఎందుకు ఇలా అన్యాయంగా చేశారు?" అని ఆర్టీఐలో రాయకండి. రికార్డులో లేనిదానికి జవాబు రాదు. కాగితం అడిగితే కాగితం వస్తుంది, లేదా "అలాంటి ఉత్తర్వు లేదు" అని వస్తుంది. రెండోది ఇంకా మంచిది.

ఎక్కువగా చేసే తప్పులు

వీడియో తీసి వెంటనే వాట్సాప్‌లో పెట్టేయడం. ముసలామె మొహం, చిరిగిన చీర, ఏడుపు, అంతా ఊరంతా చూస్తుంది. ఒకావిడ కూతురు దాన్ని పలాసలో చూసి తలెత్తుకోలేక మాతో మాట్లాడటం మానేసింది. వీడియో దాచండి, లాయర్‌కి ఇవ్వండి.

మనిషిని అడక్కుండా పిటిషన్ పెట్టడం. ఆయనకి అక్కడే రోజూ పడుకోవాలి, కేసు పెట్టి మీరు ఇంటికెళ్తారు.

తెలియని ఊరి పేరు, వయసు ఊహించి రాయడం. "సుమారు" అని రాయండి.

సుప్రీంకోర్టు 1985లో ఫుట్‌పాత్ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది కదా అని ఊపేయడం. ఓల్గా టెల్లిస్ కేసు అది. జీవనోపాధి జీవించే హక్కులో భాగం అంది, నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించడం మామూలుగా కుదరదంది, అంతేగానీ ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు ఉందని అనలేదు. సగం చదివి వాదిస్తే అవతలివాళ్లు మిగతా సగం చదివి వినిపిస్తారు.

పని అయిందో లేదో ఎలా చూసుకోవాలి

మనిషి వచ్చాడు అంటే సరిపోదు. కేసు ఉందా లేదా స్టేషన్‌లో అడిగి, ఉంటే నంబర్ రాసుకోండి. వాయిదా ఉంటే తేదీ ఆయన సంచిలో చీటీ మీద, మీ ఫోన్ అలారంలో, టీ కొట్టాయన గోడ క్యాలెండర్ మీద, మూడు చోట్లా పెట్టండి. వాయిదా తప్పితే వారెంటు, అప్పుడు ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. సంచి తిరిగొచ్చిందా, మాత్రలు ఉన్నాయా చూడండి. ఆర్టీఐ ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి, జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. వారం తర్వాత రాత్రి పదింటికి ఆ అరుగు దగ్గరికి ఒకసారి వెళ్లి రండి, అక్కడే ఉన్నాడా, మళ్లీ ఎవరైనా వచ్చారా అడగండి.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. ఇంటి అడ్రస్ లేకపోయినా ఓటు నమోదు చేసుకోవచ్చు. ఫారం 6లో పడుకునే చోటే రాస్తే బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వచ్చి అక్కడ నిజంగా పడుకుంటున్నాడా అని చూసి వెళ్లాలి, కాగితం రుజువు అక్కర్లేదు. ఓటరు కార్డు వచ్చిందంటే అందులో ఆ అరుగే అడ్రస్. నింపిన ఫారం షాపుకి తెస్తే జిరాక్స్ నేను తీసిస్తా, దానికి డబ్బులు వద్దు.